కారు కింద చూడకుండా పాట పెంచకండి

ప్రశ్న: నమస్కారమండీ. నాకు 41 ఏళ్లు. డాలస్ దగ్గర ఫ్రిస్కోలో ఉంటాం, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. మా నాన్న విజయవాడ ఆటోనగర్‌లో 30 ఏళ్లు లారీ బాడీలు కట్టారు. ఇంజినీరింగ్ చదివేటప్పుడు హాస్టల్ కంప్యూటర్‌లో ఒక గేమ్ ఆడుతూ డాట్సన్ 240జెడ్ నడిపాను. అప్పటి నుంచి ఆ కారు నా మనసులో ఉండిపోయింది. ఇప్పుడు బ్రింగ్ ఎ ట్రైలర్ ఆన్‌లైన్ వేలంలో 1972 మోడల్ ఒకటి వచ్చింది. ఆరెంజ్ రంగు, కొత్త పెయింట్, రిజర్వ్ ధర (ఇంతకు తక్కువైతే అమ్మననే హద్దు) లేదు. కారు పెన్సిల్వేనియాలో ఉంది. 2019 దాకా అరిజోనాలోనే ఉండేదని అమ్మే ఆయన రాశాడు. పాట 19,500 డాలర్ల దగ్గర ఉంది, వచ్చే బుధవారం ముగుస్తుంది. నేను 35,000 డాలర్లు పక్కన పెట్టుకున్నాను. మా ఆవిడ మాత్రం "చెప్పులు కూడా వేసుకుని నాలుగడుగులు నడవందే కొనరు, దీన్ని చూడకుండా ఎలా కొంటారు" అంటోంది. ఎంతదాకా పాడొచ్చు? రెండు మూడేళ్లు నడిపి లాభానికి అమ్ముకోవచ్చా? ఎప్పటికైనా ఇండియా తీసుకెళ్లి నాన్నకు చూపించగలనా?
— పేరు వద్దు, ఫ్రిస్కో, టెక్సస్

జవాబు: మీ ఆవిడ చెప్పిందే సరైన మాట. బుధవారంలోపు మీకు అందాలని ఈ జవాబు శుక్రవారమే పంపుతున్నాను.

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రంగు గురించి, పెయింట్ గురించి, పాట ఎక్కడుందో, రిజర్వ్ ఉందో లేదో అన్నీ రాశారు. కారు అడుగు ఎలా ఉందో ఒక్క ముక్క లేదు. లారీ బాడీలు కట్టిన ఇంట్లో పెరిగిన మీకు నేను చెప్పక్కర్లేదు, పాత బండి ధర తేలేది కిందే. ఎంతదాకా పాడొచ్చన్న మీ ప్రశ్నకు కూడా జవాబు అక్కడే ఉంది.

ఈ కారు సంగతి కాస్త వివరంగా చెప్తాను, ఎందుకు భయపడుతున్నానో అప్పుడు మీకే తెలుస్తుంది. 240జెడ్ 1969 చివర్లో జపాన్‌లో ఫెయిర్‌లేడీ జెడ్‌గా మొదలైంది. డాట్సన్ కార్లు తయారుచేసే నిస్సాన్ కంపెనీ వ్యాపారం అమెరికాలో చూసే యుటాకా కటయామా పట్టుబట్టి ఇక్కడ దాన్ని 240జెడ్ పేరుతో అమ్మించారు. 1970 మోడల్ ధర 3,526 డాలర్లు. అంత ధరకు 2.4 లీటర్ల ఆరు సిలిండర్ల ఇంజిన్, నాలుగు చక్రాలకూ ఇండిపెండెంట్ సస్పెన్షన్, పొడవాటి ముక్కుతో అంత అందమైన బాడీ ఇంకెవరూ ఇవ్వలేకపోయారు. ఆ ఇంజిన్ మొండిది. సరిగా ఆయిల్ మార్చుకుంటూ ఉంటే దశాబ్దాలు తిరుగుతుంది, పాడైనా బాగు చేసేవాళ్లున్నారు, సామాన్లు దొరుకుతాయి. మీరు చూసింది 1972 మోడల్ కావడం ఒక మంచి విషయం. 1973లో కాలుష్య నిబంధనల కోసం వేరే రకం కార్బ్యురేటర్లు (పెట్రోల్, గాలి కలిపి ఇంజిన్‌కు పంపేవి) పెట్టారు, చాలామంది వాటిని పీకేసి పాతవే బిగించుకుంటారు. మీకు ఆ గొడవ ఉండదు.

బాధంతా రేకుతోనే. ఈ కారు రేకు పల్చన, ఆ రోజుల్లో తుప్పు పట్టకుండా చేసిన ఏర్పాటు తక్కువ. పైగా లారీకి ఉన్నట్టు దీనికి విడిగా ఛాసిస్ ఉండదు. ఫ్లోర్ కింద వెల్డింగ్ చేసిన పెట్టెల్లాంటి పట్టాలే బాడీ మొత్తాన్ని మోస్తాయి. అవి తుప్పు పడితే కారు ఎముకే పోయినట్టు. బ్యాటరీ కింది పళ్లెం దగ్గర యాసిడ్ కారి, ఆ కింది రేకును, దాని కింది పట్టాను తినేస్తుంది. ముందు అద్దం కింద ఆకులూ మట్టీ చేరే గాడి, తలుపుల కింది భాగం, వెనక చక్రానికి ముందు ఉండే మూల, వెనక డోర్ గడప, స్పేర్ టైర్ గుంట, ఇవన్నీ నీళ్లు నిలిచే చోట్లే. వీటిలో ఒక్కటి కూడా కొత్త పెయింట్ వేసిన కారును ముందు నుంచి తీసిన ఫొటోలో కనిపించదు.

2015లో నేను ఒక ఎంజీబీ కొన్నాను, ఇలాగే ఆన్‌లైన్ వేలంలో. బ్రిటిష్ వాళ్ల రెండు సీట్ల ఓపెన్ కారు. ఎర్రటి పెయింట్ నిగనిగలాడుతోంది. అడుగంతా నల్లటి కొత్త పూత ఉంటే, ఎంత శ్రద్ధగా చూసుకున్నాడో అనుకున్నాను. రెండు నెలల తర్వాత బ్రేకుల పనికి తీసుకెళ్తే మెకానిక్ లిఫ్ట్ ఎక్కించి, డ్రైవర్ తలుపు కింద స్క్రూడ్రైవర్ పెట్టి నెట్టాడు. పిడి దాకా లోపలికి దిగిపోయింది. పూత గీకితే ఫైబర్‌గ్లాస్ గుడ్డ, దాని మీద పుట్టీ. ఎంజీబీలో తలుపుల కింద ఉండే ఆ పెట్టెలాంటి భాగమే కారును నిలబెడుతుంది. కారు కొన్నంత డబ్బూ మళ్లీ వెల్డింగ్‌కు పెట్టాను. మన పెద్దవాళ్లు పైన పటారం, లోన లొటారం అనేది దీన్నే. అమ్మిన మనిషి నాతో ఒక్క అబద్ధం కూడా ఆడలేదు. నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. ఆ బాధ మీకు వద్దనే ఇంత గట్టిగా చెప్తున్నాను.

మీరు చూసిన కారులో నాకు రెండు విషయాలు నచ్చలేదు. ఒకటి, పెయింట్ కొత్తది. ఎప్పుడు వేశారు, వేసేముందు పాత పొర రేకు దాకా తీశారా, పని జరుగుతున్నప్పటి ఫొటోలున్నాయా? నిజంగా మంచి పని చేయించిన మనిషి ఆ ఫొటోలు అడగకముందే చూపిస్తాడు, ఎందుకంటే డబ్బు పోసింది అక్కడే. రెండోది ఆ అరిజోనా కథ. అరిజోనాలో ఎండకు డాష్‌బోర్డు పగులుతుందేమో గాని రేకు బాగుంటుంది. పెన్సిల్వేనియాలో చలికాలం రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. కారు అక్కడ ఎన్ని చలికాలాలు గడిపిందన్నదే ప్రశ్న. మాటతో సరిపెట్టుకోవద్దు, కాగితం అడగండి. 2019కి ముందటి అరిజోనా రిజిస్ట్రేషన్ కార్డులు, అక్కడి గ్యారేజీ బిల్లులు, ఇన్సూరెన్స్ కాగితాలు, ఏ ఒక్కటున్నా చాలు. కొత్త కార్లకు తీసినట్టు కారు పాత చరిత్ర చూపించే కార్‌ఫ్యాక్స్ రిపోర్ట్ తీస్తే సరిపోదా అనుకుంటారేమో. అవి 17 అంకెలూ అక్షరాలూ కలిసిన వీఐఎన్ అనే కారు గుర్తింపు నంబర్ మీద పనిచేస్తాయి. ఆ పద్ధతి 1981 మోడళ్ల నుంచే వచ్చింది. మీ కారుకు హెచ్ఎల్ఎస్30తో మొదలయ్యే చిన్న నంబరే ఉంటుంది. కాబట్టి దీని చరిత్రంతా యజమాని దగ్గరున్న ఫైల్‌లోనే ఉంటుంది. ఫైల్ లేకపోతే చరిత్ర లేనట్టే.

ఆ నంబర్ కూడా చూడాలి. డాష్‌బోర్డు మీద, తలుపు పక్కన, ఇంజిన్ వెనక గోడ మీద కొట్టిన అంకెలు మూడూ ఒకటే ఉండాలి, అదే టైటిల్ (కారు ఎవరిదో చెప్పే యాజమాన్య పత్రం) మీదా ఉండాలి. బానెట్ కింద ఉన్న రేకు ప్లేటు మీద ఇంజిన్ నంబర్ ఉంటుంది. ఇంజిన్ దిమ్మ మీది అంకెతో అది కలిస్తే అసలు ఇంజిన్. కలవకపోతే కారు పనికిరాదని కాదు, ధర మాత్రం అంత ఇవ్వకూడదు. మైళ్ల మీటర్‌ను పట్టించుకోకండి. మైళ్లకు అయిదు అంకెలే ఉంటాయి, లక్ష దాటితే మళ్లీ సున్నా నుంచి మొదలు. 43 వేలు చూపిస్తుంటే అది 43 వేలో, లక్షా 43 వేలో ఆ కాగితాలే చెప్పాలి.

ఇప్పుడు అసలు పని. ఈ రోజే అమ్మే ఆయనకు రాయండి. కారును లిఫ్ట్ మీద పెట్టి తీసిన అడుగు ఫొటోలు, ముందు నుంచి వెనక దాకా రెండు పట్టాలూ కనిపించేలా. బ్యాటరీ తీసేసి దాని కింది పళ్లెం ఫొటో. కార్పెట్ ఎత్తి ఫ్లోర్ ఫొటో. రాత్రంతా నిలబెట్టి పొద్దున్నే స్టార్ట్ చేసిన వీడియో, ఇంజిన్ చల్లగా ఉందని తెలిసేలా. టైర్ పక్కన డాట్ నంబర్ చివరి నాలుగు అంకెలు, అవి తయారైన వారం, సంవత్సరం చెప్తాయి. టైరు గాడులు ఎంత లోతుగా ఉన్నా పదిహేనేళ్ల టైరు రబ్బరు రాయి అయిపోతుంది. ఇవి అడగడంలో మొహమాటం అక్కర్లేదు. ఆ సైట్‌లో కారు కిందే అందరూ ఇలాంటి ప్రశ్నలు వేస్తారు, ఈ కార్లతో జీవితం గడిపినవాళ్లు అక్కడ ఉంటారు, వాళ్ల ప్రశ్నలూ వాటికి వచ్చిన జవాబులూ మొదటి నుంచి చదవండి. జవాబు రాని ప్రశ్న ఏదో గమనించండి, నేను ముందు దాన్నే చూస్తాను.

ఫొటోలు బాగున్నా సరే, ఆ ఊరి దగ్గర్లో పాత జపాన్ కార్ల పని తెలిసిన గ్యారేజీలో తనిఖీ చేయించండి. దీన్ని ఇక్కడ పీపీఐ, అంటే కొనేముందు చేసే తనిఖీ అంటారు. నాలుగు వందల డాలర్లు అనుకోండి. కొత్త కార్ల డీలర్ దగ్గరికి వద్దు, అక్కడి కుర్రాళ్లు కార్బ్యురేటర్ చూసి ఉండకపోవచ్చు. ఆరు సిలిండర్లకూ కంప్రెషన్, అంటే లోపల పుట్టే ఒత్తిడి, చూడమనండి. అంకె ఎంతన్నదానికంటే ఆరూ దగ్గర దగ్గరగా ఉండటం ముఖ్యం. పెయింట్ మందం కొలిచే మీటర్‌తో బాడీ చుట్టూ చూడమనండి, ఒకచోట అంకె ఒక్కసారిగా నాలుగింతలైతే అక్కడ పుట్టీ ఉన్నట్టే. మీటర్ లేకపోతే పల్చటి గుడ్డ చుట్టిన అయస్కాంతం చాలు. రోడ్డు మీద నడిపినప్పుడు గేర్లు, బ్రేకు ఎటైనా లాగుతోందా, లోపలికి పొగ వాసన వస్తోందా అని చూడాలి. ఆ వాసన ఈ కార్లలో మామూలే, వెనక డోర్ రబ్బర్లు గట్టిపడి పొగను లోపలికి పీల్చుకుంటాయి. అది చిన్న పని, దానికి భయపడకండి.

అమ్మే మనిషి తనిఖీకి ఒప్పుకోకపోతే, లేదా బుధవారంలోపు కుదరదంటే, ఈ కారును వదిలేయండి. ఖచ్చితంగా వదిలేయండి. అమెరికాలో ఈ కార్లు చాలా అమ్ముడయ్యాయి, నెల తిరక్కుండా ఇంకోటి వేలానికి వస్తుంది. ఆరెంజ్ రంగే కావాలంటే మరో రెండు నెలలు ఆగాలేమో, అంతే.

తనిఖీ బాగుందనుకుందాం. అప్పుడు వేలం. బ్రింగ్ ఎ ట్రైలర్ 2007లో శాన్‌ఫ్రాన్సిస్కోలో మొదలైంది, మొదట ఎక్కడెక్కడో అమ్మకానికి ఉన్న మంచి కార్లను ఏరి చూపించేది. 2014 నుంచి సొంతంగా వేలం పెడుతోంది, 2020లో హర్స్ట్ సంస్థ కొనుక్కుంది. అక్కడ గెలిచినవాళ్లు పాట మీద 5 శాతం ఫీజు సైట్‌కు కట్టాలి. దానికి ఒక కనిష్ఠం, ఒక గరిష్ఠం ఉన్నాయి, మీ ధరలో మాత్రం లెక్క 5 శాతమే. పాట పాడినప్పుడే ఆ ఫీజు మొత్తాన్ని మీ కార్డు మీద హోల్డ్ చేస్తారు. చివరి రెండు నిమిషాల్లో ఎవరైనా పాడితే గడియారం మళ్లీ రెండు నిమిషాలకు వెళ్తుంది. అందుకని ఆఖరి సెకనులో పాడి కొట్టేద్దాం అనే ఎత్తు అక్కడ పారదు. ఇద్దరు పట్టుబడితే ముగింపే అరగంట సాగవచ్చు. ఆ అరగంటే ప్రమాదం. ఒక్కసారి మీది పైపాట అయ్యాక ఆ కారు మీదే అన్నట్టు అనిపిస్తుంది, ఇంకొకరు పెంచగానే మీ వస్తువును ఎవరో లాక్కుంటున్నట్టు ఉంటుంది. మన భాషలో వేలంవెర్రి అన్న మాట ఊరికే పుట్టలేదు.

బాలాపూర్ లడ్డూ వేలం తెలుసు కదా. 1994లో 450 రూపాయలకు మొదలైంది, 2024లో 30 లక్షల వెయ్యి రూపాయలు పలికింది. అక్కడ ఎంత ఎక్కువ పాడితే అంత గౌరవం, ఆ డబ్బు ఊరికి, గుడికి ఉపయోగపడుతుంది. కారు వేలంలో ఎక్కువ పాడితే వచ్చే గౌరవం ఏమీ లేదు. అదనంగా ఇచ్చిన ప్రతి వెయ్యీ రేపు వెల్డింగ్‌కో, బ్రేకులకో లేకుండా పోయే వెయ్యే.

మీ 35,000ను ఇలా వెనక నుంచి లెక్కపెట్టండి. తనిఖీకి 400. పెన్సిల్వేనియా నుంచి ట్రక్కులో తెప్పించడానికి 2,000 పక్కన పెట్టండి. మూసి ఉన్న ట్రక్కు కావాలంటే ఇంకా అవుతుంది, ఈ ధర కారుకు ఓపెన్ ట్రక్కు చాలు. వచ్చాక బ్రేకు గొట్టాలు, టైర్లు, పెట్రోల్ ట్యాంకు శుభ్రం చేయించడం, రబ్బరు సామాన్లు, వీటికి 4,000. ఈ చివరి అంకెను ఎవరూ లెక్కలో వేసుకోరు, కాని ఎంత బాగున్న కారైనా యాభై ఏళ్లు దాటాక ఇది తప్పదు. మొత్తం 6,400 పోతే మిగిలింది 28,600. ఇందులోంచి సైట్ ఫీజు 5 శాతం, టెక్సస్‌లో టైటిల్ మార్చుకునేటప్పుడు కట్టే 6.25 శాతం పన్ను పోవాలి. అంటే మీ ఆఖరి పాట 25,700 డాలర్లు. ఫీజు 1,285, పన్ను 1,606, మొత్తం 28,591. ఆ 25,700ను ఒక కాగితం మీద రాసి బుధవారం పొద్దున్నే మీ ఆవిడ చేతికివ్వండి. వేలం ముగిసేటప్పుడు ఆమెను పక్కనే కూర్చోమనండి. 25,800 అయితే ఏం పోయింది అని మీకు అనిపిస్తుంది, ఆమెకు అనిపించదు.

తనిఖీలో పట్టాలు బాగుండి, ఫ్లోర్‌లో మాత్రం చిన్న తుప్పు ఉందని తేలితే ఆ పనికి అక్కడి గ్యారేజీవాడు చెప్పిన ధరను ఈ అంకెలోంచి తీసేయండి. పట్టాలే పోయాయంటే ఏ ధరకూ వద్దు.

గెలిస్తే ఒక్క జాగ్రత్త. డబ్బు మీరు అమ్మే మనిషికి నేరుగా పంపాలి, సైట్ చేతుల మీదుగా కాదు. ఆ సమయంలో ఆయన పేరుతో దొంగ ఈమెయిల్ రావచ్చు, బ్యాంకు ఖాతా మారింది అని. వైర్ చేసిన డబ్బు వెనక్కి రాదు. మెయిల్‌లో ఇచ్చిన నంబర్‌కు కాకుండా, అంతకుముందు మీరు మాట్లాడిన నంబర్‌కే ఫోన్ చేసి ఖాతా అంకెలు చదివించుకోండి. టైటిల్ ఆయన పేరు మీదే ఉందా, దాని మీద బ్యాంకు అప్పు ఏమీ లేదా అని ముందే ఫొటోలో చూడండి. ఇన్సూరెన్స్ ట్రక్కు ఎక్కే లోపే తీసుకోండి. మామూలు పాలసీ వద్దు, హ్యాగర్టీ లాంటి పాత కార్ల కంపెనీల దగ్గర అగ్రీడ్ వాల్యూ పాలసీ ఉంటుంది. కారు పోతే ముందే ఒప్పుకున్న మొత్తం ఇస్తారు, తరుగు లెక్కలు తీయరు. స్టేటెడ్ వాల్యూ అని ఇంకోటి అమ్ముతారు, అది వేరు, పేరు చూసి మోసపోకండి. రోజూ ఆఫీసుకు వెళ్లడానికి వేరే కారు ఉందా, ఇది గ్యారేజీలో ఉంటుందా అని అడుగుతారు.

లాభం సంగతి. 2020 జనవరిలో ఇదే సైట్‌లో ఒక 1971 240జెడ్ 3,10,000 డాలర్లకు పోయింది. ఆ వార్త మీరూ చదివే ఉంటారు, చదివిన ప్రతి ఒక్కరికీ తన కారూ అలా పోతుందనే ఆశ పుట్టింది. అది తక్కువ మైళ్లు తిరిగి, తయారైనప్పుడు ఎలా ఉందో దాదాపు అలాగే మిగిలిన కారు. మీది పెయింట్ మార్చిన, రోడ్డు మీద తిరిగే కారు. రెండింటికీ పేరొక్కటే కలుస్తుంది. కరోనా కాలంలో ఉరికిన పాత కార్ల ధరలు తర్వాత చల్లబడ్డాయి. మీ లెక్కే చూడండి, 25,700కు పాడిన కారు మీ గ్యారేజీలోకి వచ్చేసరికి 35,000 అయింది. రెండేళ్ల ఇన్సూరెన్స్, రిపేర్లు కలిపాక ఆ పైన ఎంత పలికితే అది లాభం. పైగా లాభం వస్తే ఆదాయపు పన్ను కట్టాలి, సొంతానికి వాడుకున్న కారులో నష్టం వస్తే పన్నులో తగ్గించుకోవడానికి ఉండదు. లాభం కోసమైతే ఈ డబ్బును దీనిలో పెట్టొద్దు. శనివారం పొద్దున్నే ఆ ఇంజిన్ శబ్దం వినడం కోసమైతే పెట్టండి, దానికి విలువ ఉంది, నేను ఆ విలువ నమ్మే మనిషినే.

అమ్మే రోజు వస్తే ఇప్పుడు మీరు అడుగుతున్నవన్నీ ముందే సిద్ధం చేసుకుని ఉండండి. కొన్న రోజు నుంచి ప్రతి బిల్లూ ఒక ఫైల్‌లో పెట్టండి, ప్రతి పనికీ ముందు, తర్వాత ఫొటో తీయండి. మంచి వెలుతురులో రెండు వందల ఫొటోలు, అందులో లోపాలవి కూడా. గీత పడిన చోటును దగ్గరగా తీసి చూపించిన మనిషి మిగతాదంతా బాగుందని చెప్తే కొనేవాళ్లు నమ్ముతారు. అమ్మేవాళ్లకు అయ్యే ఖర్చు తక్కువ, ప్రకటన ఫీజు మాత్రమే. మీ స్నేహితుడితో పాట పెంచించే ఆలోచన మాత్రం రానివ్వకండి. అది మోసం, పట్టుకుంటారు కూడా.

ఇండియాకు తీసుకెళ్లడం. ఇంతకుముందు 1950కి ముందు తయారైన పాత కార్లకే దిగుమతి వెసులుబాటు ఉండేది. 2025 ఫిబ్రవరిలో డీజీఎఫ్‌టీ (విదేశీ వాణిజ్యం చూసే కేంద్ర ప్రభుత్వ శాఖ) దాన్ని 50 ఏళ్లు దాటిన కార్లకు మార్చింది, కాబట్టి 1972 మోడల్ ఆ గీత లోపలే ఉంది. 2021లో వచ్చిన వింటేజ్ వాహనాల నిబంధనల కింద 20,000 రూపాయలు కట్టి పదేళ్లకు రిజిస్ట్రేషన్ చేయించుకోవచ్చు, నంబర్ ప్లేటు మీద రాష్ట్రం కోడ్ తర్వాత వీఏ అని ఉంటుంది. కాని ఆ కారును ప్రదర్శనకు, ర్యాలీకి, పెట్రోల్ పోయించడానికి, రిపేరుకు తప్ప రోజూ రోడ్డెక్కించకూడదు. కస్టమ్స్ సుంకాలు, జీఎస్టీ కలిపితే కారు ధరను మించుతాయి. అమెరికాలో అమ్మిన 240జెడ్‌కు స్టీరింగ్ ఎడమ వైపు ఉంటుంది, మన మోటారు వాహనాల చట్టం 120వ సెక్షన్ అడ్డొస్తుంది, సిగ్నల్ పరికరం అమర్చితే అందులో మినహాయింపు ఉంది. ఇవన్నీ దాటి విజయవాడ చేర్చినా బెంజి సర్కిల్ ట్రాఫిక్‌లో నాన్నగారిని పక్కన కూర్చోబెట్టుకుని తిప్పడానికి వీలుండదు. ఆ ఖర్చులో ఆయనను ఫ్రిస్కోకు నాలుగుసార్లు రప్పించవచ్చు. కారు ఇక్కడే ఉండనివ్వండి, నాన్నగారిని తీసుకురండి.

కాని ఆయన అవసరం మీకు అంతకంటే ముందే ఉంది. ముప్పై ఏళ్లు రేకు కోసి, వంచి, వెల్డింగ్ చేసిన కళ్లకు ఒక అతుకు ఫ్యాక్టరీలో పడిందో, తర్వాత ఎవరైనా వేశారో చెప్పడానికి ఒక్క క్షణం చాలు. పుట్టీ పెట్టి పెయింట్ కొట్టిన అంచు వంపును ఆయన పట్టినట్టు ఏ మీటరూ పట్టలేదు. నేను ఎన్ని కార్లు చూసినా ఆ పనితనం నాకు లేదు, మీరు నన్ను అడగడం కంటే ఆయన్ను అడగడం మేలు. అమ్మే ఆయన పంపిన అడుగు ఫొటోలన్నీ ఈ రాత్రికే వాట్సాప్‌లో నాన్నగారికి పంపండి, ధర చెప్పకుండా పంపండి, పక్షపాతం లేకుండా చూస్తారు. తనిఖీని సోమవారం పెన్సిల్వేనియా సమయం ఉదయం 9 గంటలకు పెట్టించండి. ఇప్పుడు అమెరికాలో గడియారాలు గంట ముందుకు జరిపే వేసవి సమయం నడుస్తోంది కాబట్టి విజయవాడలో అప్పుడు సాయంత్రం ఆరున్నర అవుతుంది, ఆయన ఇంట్లోనే ఉంటారు. కారు లిఫ్ట్ మీదికి వెళ్లగానే మెకానిక్‌ను ఫోన్ కెమెరా పైకి తిప్పమని, టార్చి వేసి ముందు చక్రం దగ్గర నుంచి పట్టా వెంబడి మెల్లగా వెనక్కి రమ్మనండి. నాన్నగారు ఎక్కడ ఆపమంటే అక్కడ ఆపి, స్క్రూడ్రైవర్‌తో తట్టి ఆ శబ్దం వినిపించమనండి.